మా ముగ్గురు రాముళ్ళు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, మాకు చదువు చెప్పి, అవసరమైనప్పుడు చింతబరికె రుచి కూడా చూపించిన గురువులకు, తోటి పూర్వ విద్యార్థులకు, ఎండలో కూర్చోబెట్టినందుకు మమ్మల్ని లోలోపల తిట్టుకుంటున్న ఇప్పటి పిల్లలకు నమస్కారం.

నేను 1977 పదో తరగతి బ్యాచి. బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు రాసి రిటైరయ్యాను. కమిటీవాళ్ళు ఫోన్ చేసి, "మీ కాలపు సినిమా పిచ్చి గురించి మాట్లాడండి సార్, కాసేపు నవ్వించండి చాలు" అన్నారు. నవ్వించడానికి ప్రయత్నిస్తాను. బ్యాంకులో పనిచేసిన వాణ్ణి కదా, చివర్లో ఒక పాత బాకీ కూడా తీర్చుకుంటాను. ఆ బాకీ వసూలు చేసుకోవలసిన మనిషి మూడో వరసలో కూర్చున్నాడు. పేరు చెప్పను, చెబితే లేచి వెళ్ళిపోతాడు. వాణ్ణి 'మా గుహుడు' అంటాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. కిందటేడాది వాడింటికి వెళ్తే హాలు నిండా స్టార్ వార్స్ బొమ్మలు. నలభై దాటిన మనిషి కత్తిలాంటి లైటు పట్టుకుని నిలబడ్డాడు. "నాన్నా, మొదటి మూడూ 1977, 1980, 1983లో వచ్చాయి. అదొక త్రయం. మా స్నేహితులం ఏటా మూడూ వరసగా కూర్చుని చూస్తాం. మీ రోజుల్లో ఇలాంటివి ఉండేవా?" అని అడిగాడు. ఆ స్వరంలో కొంచెం జాలి ఉంది. నాకు రోషం వచ్చింది. "నీ సినిమాలు మొదలైన ఎండాకాలానికే మా త్రయం పూర్తయిపోయిందిరా" అన్నాను.

మా త్రయం ఇది. బాపు దర్శకత్వం, ముళ్ళపూడి వెంకటరమణ రచన, కె.వి. మహదేవన్ సంగీతం. మొదటిది 'సంపూర్ణ రామాయణం', 1972. రెండోది 'అందాల రాముడు', 1973. మూడోది 'సీతాకల్యాణం', 1976. నిజం చెప్పాలంటే బాపురమణలు వీటిని త్రయమని ఎక్కడా అనలేదు. ఒకదాని కథ ఇంకొకదానిలోకి సాగదు. ముగ్గురు నిర్మాతలు, ముగ్గురు హీరోలు: శోభన్‌బాబు, అక్కినేని, రవికుమార్. మేమే ఆ మూడింటినీ ఒక దారానికి గుచ్చుకున్నాం. మేము ఆరో తరగతిలో చేరేసరికి మొదటిది వచ్చింది, పదో తరగతి రాసేసరికి మూడోది వచ్చింది. మా హైస్కూలు చదువు ఆ రెండింటి మధ్య జరిగింది కాబట్టి మాకు అది త్రయమే.

మేము అంటే నలుగురం. నేను, మా గుహుడు, ఇంకో ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకడు ఇప్పుడు లేడు. మా గుహుడిది కూనవరం అవతల శబరి ఒడ్డు. కోయల పిల్లవాడు. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. శబరి వచ్చి గోదావరిలో కలిసేది కూనవరం దగ్గరే. ఇక్కణ్ణుంచి యాభై కిలోమీటర్ల పైచిలుకు. సెలవులకు వెళ్ళినప్పుడు వాడు కొంత దూరం బస్సు, కొంత దూరం నడక, చివరికి పడవ.

అప్పట్లో కొత్త సినిమా అంటే విజయవాడలో ఆడి, ఖమ్మంలో ఆడి, కొత్తగూడెంలో ఆడి, గీతలన్నీ పడిపోయాక మన టూరింగు టాకీసుకు వచ్చేది. తెర మీద వానపడుతున్నట్టే ఉండేది. సినిమా పెట్టె బస్సు టాపు మీద వస్తుంది. ఆ బస్సు కోసం మేము రోడ్డు మీద కాపలా. సాయంత్రం డేరా మైకులో ఘంటసాల 'నమో వెంకటేశా' మొదలైతే అది మొదటి గంట. ఆ పాట చెవినపడితే అన్నం ముందున్న వాడు కూడా చెయ్యి కడుక్కుని పరుగెత్తాల్సిందే. మాది ఎప్పుడూ నేల టికెట్టే. ఇసక కుప్పగా పోసుకుని దాని మీద ఎత్తుగా కూర్చోవడం, వెనకవాడు తిట్టడం, ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలగడం, అప్పుడు శనక్కాయలు. ఇదీ మా వైభవం.

'సంపూర్ణ రామాయణం' రాకముందే మా తరగతిలో యుద్ధం మొదలైంది. 1963లో 'లవకుశ' వచ్చిన దగ్గర్నుంచి రాముడంటే రామారావే. మా ఇంట్లో దేవుడి గూట్లో ఉన్న కాలెండరు రాముడి ముఖం కూడా రామారావు గారిదిలాగే ఉండేది. అలాంటిది శోభన్‌బాబు రాముడేమిటని సగం తరగతి ఎదురు తిరిగింది. సినిమా చూశాక ఆ సగంలో సగం మా వైపు వచ్చారు. ఎస్.వి. రంగారావు రావణుడిగా తెర మీదికి వస్తే డేరా గుంజలు కదిలినట్టుండేది. కైకేయిగా జమునను, మంథరగా ఛాయాదేవిని చూసి మా నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తిట్టింది.

కానీ మమ్మల్ని పట్టుకున్నవి రాముడి సీన్లు కావు. రెండే రెండు. గంగ దాటించేటప్పుడు గుహుడు పాడే పాట, కొసరాజు రాస్తే ఘంటసాల పాడారు. ఇంకొకటి శబరి పాట, దేవులపల్లి కృష్ణశాస్త్రి రాస్తే సుశీల పాడారు. ఎందుకంటే మిగతా రామాయణమంతా అయోధ్య, లంక. ఆ రెండూ మావి. మన పక్కన దుమ్ముగూడెం దగ్గర పర్ణశాల ఉంది. సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న చోటని ఇప్పటికీ రాళ్ళు చూపిస్తారు. భద్రాచలం దాటగానే ఏటపాక, జటాయువు పడిన చోటంటారు. శబరి పేరు మీద ఒక నదే ఉంది. మద్రాసు స్టూడియోలో వేసిన అడవి సెట్టు చూసి మేము నేలలో కూర్చుని, "ఇది మన అడవిలాగ లేదురా" అని విమర్శలు చేసేవాళ్ళం. మా గుహుడు మాత్రం శబరి పాటప్పుడు నోరు విప్పలేదు. లైట్లు వెలిగాక, "ఆమె మా వైపు మనిషి" అన్నాడు. అంతే అన్నాడు. మాకు అప్పుడది గొప్పలు చెప్పుకోవడంలాగా తోచింది.

పిల్లలు వింటున్నారు కాబట్టి ఒక సాంకేతిక విషయం చెబుతాను. మీకు ఫోను ఉంది, మాకు బల్బు ఉండేది. మాడిపోయిన బల్బు మూతి జాగ్రత్తగా విరిచి, లోపలి తీగ తీసేసి, నిండా నీళ్ళు పోస్తే అదొక భూతద్దం. ఆపరేటర్ని బతిమాలి, అతనికి బీడీలు తెచ్చిపెట్టి, తెగిపోయిన ఫిల్ము ముక్కలు సంపాదించేవాళ్ళం. గది తలుపులు మూసి, బయట ఒకడు అద్దం పట్టుకుని ఎండను సందులోంచి లోపలికి కొడితే, ఆ వెలుగు ఫిల్ము ముక్క లోంచి, బల్బులోంచి పోయి ఎదురుగా కట్టిన పంచె మీద బొమ్మ పడుతుంది. తలకిందులుగా పడుతుంది. కాబట్టి ఫిల్ము తలకిందులుగా పట్టాలి. ఈ సూత్రం మాకు సైన్సు సారు చెప్పకముందే శోభన్‌బాబు చెప్పాడు. బయట అద్దం పట్టుకున్న వాడికి మాత్రం సినిమా ఉండదు, ఎండదెబ్బ ఉంటుంది. వంతులు వేసుకోవాలని నియమం. ఆ వంతు ఎక్కువసార్లు ఎవరికి పడిందో తర్వాత చెబుతాను.

పాటల పుస్తకాలు కొనేవాళ్ళం. నాలుగు కాగితాలు మడిచి కుట్టిన పుస్తకం, ముందు కథ సగం చెప్పి 'మిగతా వెండితెర మీద చూడుడు' అనే రకం. విజయవాడ రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వస్తే నోటుబుక్కులో మాటలు దించుకునేవాళ్ళం. ఒకడు మొదటి వాక్యం, ఇంకొకడు రెండో వాక్యం, మూడోవాడు మూడోది, అందరివీ కలిపితే మొత్తం సీను. ఫిల్ము ముక్కలు, పాటల పుస్తకాలు, ఆ నోటుబుక్కులు అన్నీ కలిపి ఒక రేకుపెట్టెలో పెట్టాం. హాస్టల్లో మా గుహుడి మంచం కింద ఉండేది ఆ పెట్టె. మా ఇళ్ళల్లో పెడితే పొయ్యిలోకి పోతుందని భయం.

ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు బడి వార్షికోత్సవానికి గుహుడి సీను వేద్దామన్నాం. తెలుగు సారు ఒప్పుకున్నారు. వేషాలు ఎవరు పంచారో గుర్తులేదంటే అబద్ధం. నేనే పంచాను. రాముడు నేను. ఎందుకు? మా నాన్న ఇక్కడ ఆఫీసులో గుమాస్తా, నేను కాస్త తెల్లగా ఉంటాను, పద్యం తప్పులేకుండా చెబుతాను. ఇవీ కారణాలు. గుహుడు ఎవరంటే ఎవరూ ఒక్క క్షణం ఆలోచించలేదు. "పడవ నడపడం వాడికే వచ్చు" అన్నాం. బెంచీని పడవ చేశాం. వాడు రిహార్సల్లో, "బెంచీకి తెడ్డెందుకు, గడ వెయ్యాలె, ఇక్కడ లోతు తక్కువ" అంటే మేము పడీపడీ నవ్వాం. వాడు సీరియస్‌గానే అన్నాడు. ఒడ్డు దగ్గర గడ వేస్తారు, లోతులో తెడ్డు వేస్తారు. ఆ సంగతి గోదావరి పక్కనే పుట్టిన నాకు తెలియదు.

ఆ రోజు వాడు పాడాడు చూడండి, సభ లేచి నిలబడింది. నేను రాముడి కిరీటం పెట్టుకుని బెంచీ మీద బొమ్మలా కూర్చున్నాను. ఆ కిరీటం అట్టముక్క, పైన సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం. అప్పటినుంచీ ప్రతి ఏడూ రాముడు నేనే, గుహుడు వాడే. వాడి అసలు పేరు అటెండెన్సు పిలిచేటప్పుడు తప్ప ఎవరూ వాడలేదు.

ఆ తర్వాత 'అందాల రాముడు' వచ్చింది. మా పిచ్చికి అది పరాకాష్ఠ. ఎందుకంటే అది రామాయణం కాదు. రాజమండ్రి నుంచి భద్రాచలానికి సీతారాముల కల్యాణం చూడటానికి ఒక లాంచీలో పోయే జనం కథ. డబ్బున్నవాడు, లేనివాడు, మోసగాడు, అమాయకుడు అందరూ ఒకే పడవలో. అక్కినేని, లత, నాగభూషణం, రాజబాబు, అల్లు రామలింగయ్య. నూతన్ ప్రసాద్‌కు అదే మొదటి సినిమా. ఇంతకుముందు సినిమాల్లో నదిని చూశాం, అది ఏ నదో తెలిసేది కాదు. ఇది మన గోదావరి. పాపికొండలు తెర మీద కనబడితే నేలలో ఉన్నవాళ్ళు, బెంచీలో ఉన్నవాళ్ళు, ఆడవాళ్ళ వైపున్న వాళ్ళు అందరూ ఒక్కసారి కేకపెట్టారు. సినిమాలో జనం ఎంత కష్టపడి చేరాలనుకుంటున్నారో ఆ ఊరు మాకు వంతెన దాటితే వస్తుంది! 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన అది. మేము రోజూ సైకిలు మీద దాటే చోటికి వాళ్ళు సినిమా అంతా ప్రయాణం చేస్తున్నారని మాకు గర్వంగానూ ఉంది, నవ్వుగానూ ఉంది.

ఆ రాత్రి డేరా లోంచి బయటికొచ్చి నలుగురం ప్రమాణం చేశాం. ఉద్యోగాలు వచ్చాక, మొదటి జీతంతో, రాజమండ్రిలో లాంచీ ఎక్కి, ఆ సినిమాలో పోయినట్టే పాపికొండల మధ్య నుంచి శ్రీరామనవమికి భద్రాచలం రావాలి. బస్సులో ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. మా గుహుడు, "మధ్యలో మా ఊళ్ళో దిగాలె, మా అమ్మ చేపల పులుసు పెడతది" అన్నాడు. శ్రీరామనవమి యాత్రలో చేపల పులుసేమిట్రా అని నేను ఒక పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. గుహుడి ఆతిథ్యం రాముడు కాదనలేదని వాడు నాకు గుర్తుచేశాడు. జవాబు దొరకలేదు.

ఇక్కడ ఒక వివాదం చెప్పకపోతే ఈ సభలో ఉన్న రామారావు అభిమానులు నన్ను భోజనాల దగ్గర వదిలిపెట్టరు. 1975లో బాపు దర్శకత్వంలోనే 'శ్రీరామాంజనేయ యుద్ధం' వచ్చింది. రాముడు సాక్షాత్తూ రామారావే. అర్జా జనార్దనరావు హనుమంతుడు. మరి అది మీ లెక్కలో ఎందుకు లేదు, మీ త్రయం కాస్తా చతుష్టయం కావాలి కదా అని అప్పుడే గొడవ. రాముడూ హనుమంతుడూ కొట్టుకునే సినిమాను మా పెట్టెలో పెట్టం అని మేము. మీరు రామారావును కావాలనే తీసేశారని వాళ్ళు. గోడల మీద బొగ్గు రాతలు, ఇంటర్వెల్లో తోపులాట, హెడ్మాస్టరు గారి దగ్గర పంచాయితీ. ఆయన ఇరుపక్షాలకూ సమానంగా న్యాయం చేశారు, చేతికి రెండేసి దెబ్బలు. ఇప్పుడు యాభై ఏళ్ళకు ఈ వేదిక మీంచి ఒప్పుకుంటున్నాను: మా వాదనలో పస లేదు. మాకు మూడే కావాలి, అంతే. అభిమానికి కారణం తర్వాత దొరుకుతుంది.

'సీతాకల్యాణం' మన టూరింగు టాకీసుకు వచ్చేదాకా ఆగలేకపోయాం. పదో తరగతి పరీక్షల ముందు స్టడీ అవర్స్ ఎగ్గొట్టి కొత్తగూడెం బస్సెక్కాం. జయప్రద సీత. కానీ మేము ఇప్పటికీ చెప్పుకునేది గంగావతరణం. రవికాంత్ నగాయిచ్ కెమెరా మాయ అది. ఆకాశం నుంచి నీళ్ళు దిగి, శివుడి జటల్లో చిక్కుకుని, కొండలు దాటి భగీరథుడి వెనక పరుగెత్తుకొస్తుంటే ఊపిరి ఆడలేదు. తర్వాత ఆ సినిమాను లండన్, షికాగో చిత్రోత్సవాల్లో చూపించారని చదివి, అది మా సొంత విజయంలాగా సంబరపడ్డాం. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ మా గుహుడు, "గంగ వస్తే వాళ్ళు దండం పెట్టిండ్రు. గోదారి వస్తే మా అమ్మ బియ్యం మూట నెత్తిన పెట్టుకుంటది" అన్నాడు. అందరం నవ్వాం. వాడు జోకు వెయ్యలేదని ఇప్పుడు తెలుస్తోంది.

మర్నాడు ప్రేయర్లో నలుగుర్నీ నిలబెట్టారు. ఆ కథ మీలో చాలామందికి తెలుసు. పరీక్షలయ్యాయి. నేను ఖమ్మం కాలేజీకి, ఒకడు పాల్వంచకు, ఒకడు వరంగల్లుకు. మా గుహుడు ఇంటికి వెళ్ళిపోయాడు, తండ్రికి ఒంట్లో బాగాలేదు. రేకుపెట్టె వాడితోనే వెళ్ళింది. ఒప్పందం ఏమిటంటే లాంచీ యాత్రకు వెళ్ళేటప్పుడు వాడి ఊళ్ళో దిగి పెట్టె తీసుకోవాలి.

మొదటి జీతం వచ్చింది. పెళ్ళి వచ్చింది. బదిలీలు వచ్చాయి. యాత్ర రాలేదు.

1986 ఆగస్టు వచ్చింది. ఇక్కడున్న పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లలకు చెబుతాను. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ ఏడు ఆగస్టు 16న గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో మీరందరూ చూసిన వరద 71.3. అంటే దానికి ఇంకో నాలుగడుగులు పైన. నేను అప్పుడు వేరే జిల్లాలో బ్యాంకులో ఉన్నాను. రేడియోలో విన్నాను. నెల తర్వాత మా గుహుడి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. నాలుగు వాక్యాలు. అమ్మ క్షేమం. ఎడ్లు పోయాయి. ఇల్లు పోయింది. పెట్టె పోయింది, క్షమించు.

ఇల్లూ ఎడ్లూ పోయిన మనిషి, సినిమా పాటల పుస్తకాల పెట్టె పోయినందుకు నాకు క్షమాపణ రాశాడు. నేను జవాబు రాశానా? రాశాను, నెలన్నర తర్వాత. ఏం రాశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. పెట్టె సంగతే ఎక్కువ రాశాను.

తర్వాత వాడు మళ్ళీ అదే ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. రాష్ట్రం రెండు అయింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం మన జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు అటు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం ఇటు మిగిలింది, పక్కనున్న ఏటపాక అటు పోయింది. రాముడు తెలంగాణలో, జటాయువు ఆంధ్రాలో అని మనం జోకులు వేసుకుంటాం. మన పూర్వ విద్యార్థుల్లో సగం మంది రేషన్ కార్డులు ఆ జోకులో ఉన్నాయి. 2021లో పోలవరం దగ్గర గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ఆ ప్రాజెక్టు మంచిచెడ్డలు మాట్లాడే వేదిక కాదిది, నీళ్ళు కావలసినవాళ్ళూ మనవాళ్ళే. నేను చెప్పేది ఒక్క సంగతి. రాజమండ్రిలో ఎక్కి భద్రాచలంలో దిగే దారి ఇక లేదు. ఇప్పుడు పాపికొండలు చూడాలంటే అటువైపు వాళ్ళు ప్రాజెక్టుకు ఎగువన గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కుతారు, ఇటువైపు వాళ్ళు పోచవరంలో ఎక్కుతారు. చూసి ఎక్కిన చోటే దిగుతారు. 'అందాల రాముడు'లో జనం చేసిన ప్రయాణం ఈ రోజు ఒక్క పడవలో ఎవరూ చెయ్యలేరు.

కిందటేడు అమెరికా నుంచి రాగానే మా గుహుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. వాడు పునరావాస కాలనీలో ఉన్నాడు. వరసగా ఒకేలాంటి ఇళ్ళు, నంబర్లు. గోదావరి కనబడదు, వినబడదు. మనవరాలి ఫోన్లో 'అందాల రాముడు' చూద్దామన్నాను. ఆ పిల్ల పేరు కొట్టగానే సునీల్ సినిమా వచ్చింది, 2006ది. కాసేపు నవ్వుకున్నాం. తర్వాత మాది దొరికింది. పాటల కోసం ముందుకు జరపబోతే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "పాటలొద్దు. ఒడ్డు చూడు" అన్నాడు. అక్కినేని, లత ముందున్నారు, వాడు వాళ్ళ వెనకాల చూస్తున్నాడు. ఇసక దిబ్బ, ఒక తాటి చెట్ల వరస, నీళ్ళ దగ్గరికి దిగే కాలిబాట. అది ఏ ఊరో చెప్పలేం. ఎక్కడ తీశారో మాకేం తెలుసు? కానీ వాడు ఆపమన్నచోటల్లా ఆపి చూశాం. రెండున్నర గంటల సినిమా నాలుగు గంటలు పట్టింది.

మేము అభిమానులమనుకున్నాం కదా. ఏ సీనులో ఎవరేమన్నారో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. కానీ ఆ సినిమాలో నది ఉందని నేను ఆ రోజే చూశాను.

వచ్చేటప్పుడు వాడే కదిపాడు, నవ్వుతూనే. "ఏరా, రాముడి వేషం నాకు ఒక్కసారైనా ఇయ్యలేదు గదరా" అన్నాడు. నేను కూడా నవ్వబోయాను. నవ్వు రాలేదు. అద్దం పట్టుకుని ఎండలో నిలబడే వంతు ఎవరికి ఎక్కువ పడిందో తర్వాత చెబుతానన్నాను కదా. వాడికే. అప్పుడు మేము కులం చూశామని, తెగ చూశామని అనుకోలేదు. వాడంటే మాకు ప్రాణం. కానీ వాడు పద్యం నాకంటే బాగా చెప్పేవాడు, పాట అందరికంటే బాగా పాడేవాడు. అయినా పడవ దగ్గరే ఉంచాం. గుహుణ్ణి రాముడు ఆలింగనం చేసుకున్నాడని చప్పట్లు కొట్టి, కిరీటం మాత్రం నా నెత్తి మీద నుంచి దించలేదు. ఇదీ నా పాత బాకీ. క్షమించమని అడగడానికి ఒక కార్డు సరిపోదని సభలో అడుగుతున్నాను.

బాపు గారు, రమణ గారు ఇప్పుడు లేరు. రమణ గారు 2011 ఫిబ్రవరిలో, బాపు గారు 2014 ఆగస్టులో వెళ్ళిపోయారు. వాళ్ళు చివర్లో కలిసి చేసింది కూడా రాముడి కథే, 'శ్రీరామరాజ్యం'. రమణ గారు పోయాక ఆ ఏడాది నవంబరులో విడుదలైంది. నేను దాన్ని మా త్రయంలో కలపలేదు. మా గుహుడు కలిపాడు, మూడున్నర అంటాడు. వాడితో వాదించను. ఇప్పుడు లెక్క వాడిది.

కమిటీకి రెండు మనవులు.

మొదటిది, మన సంఘం సభ్యుల పుస్తకం. పాత పుస్తకంలో పేరు, బ్యాచి, సొంత ఊరు, ప్రస్తుత చిరునామా ఉండేవి. ఈసారి అచ్చుకు పంపిన ప్రతిలో చోటు చాలదని 'సొంత ఊరు' గడి తీసేశారు. మిగతావాళ్ళకు ఇబ్బంది లేదు, ఊరు ఉంది కాబట్టి. కూనవరం, వేలేరుపాడు వైపు నుంచి వచ్చిన మనవాళ్ళకు మిగిలింది కాలనీ, ఇంటి నంబరు. రేపు వాళ్ళ మనవలు ఈ పుస్తకం తెరిస్తే తాత ఏ ఒడ్డు నుంచి బడికి వచ్చాడో కనబడాలి. సినిమావాళ్ళు తెలియకుండానే ఒడ్లను దాచిపెట్టారు. మనం తెలిసి ఒక గడి పెట్టలేమా? అదనపు పేజీల ఖర్చు నేను పెట్టుకుంటాను. బ్యాంకువాడి మాట, చెక్కు జేబులోనే ఉంది.

రెండోది, ఈ రాత్రి ఏడు గంటలకు ఈ గ్రౌండులోనే 'అందాల రాముడు' వేస్తున్నాం. ఇసక పోయించాం. కుర్చీలు పెద్దవాళ్ళకు మాత్రమే, మిగతా అందరికీ నేల. పాటలు ముందుకు జరపబడవు, ఒడ్లు కూడా జరపబడవు. సినిమాకు ముందు ఎనిమిదో తరగతి పిల్లలు గుహుడి సీను వేస్తున్నారు. వేషాలు నేను పంచలేదు. చీట్లు వేశారు. రాముడు ఒక హాస్టలు పిల్లవాడికి వచ్చింది. గుహుడు తహసీల్దారు గారబ్బాయికి వచ్చింది. ఆ అబ్బాయికి గడ ఎప్పుడు వెయ్యాలో, తెడ్డు ఎప్పుడు వెయ్యాలో నిన్న సాయంత్రం నుంచీ ఒక పెద్దమనిషి దగ్గరుండి నేర్పిస్తున్నాడు. ఆయన మూడో వరసలో ఉన్నాడని ఇందాకే చెప్పాను.

నా సమయం అయిపోయిందని సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. ఏడింటికి ముందే రండి, ఇసక మీద మంచి చోటు దొరకదు. సెలవు.